ఆయాసం వచ్చాక మెషిన్ కాదు, రాకముందే పంపు



జూన్‌లో బడులు తెరుస్తారు. ఆ నెలలోనే తొలకరి పడుతుంది. మరో రెండు మూడు వారాలకు మన ఆసుపత్రి పిల్లల వార్డులో మంచాలు నిండిపోతాయి. జలుబుతో మొదలై, రాత్రిపూట దగ్గుగా మారి, తెల్లవారేసరికి పిల్లికూతలు, ఆయాసం. వానలు వెనుకబట్టాక కొంత తెరిపి దొరుకుతుంది. మళ్ళీ దీపావళి టపాకాయల పొగతో మొదలై, మంచు, వరి నూర్పిళ్ళ దుమ్ము, భోగిమంటలు అన్నీ కలిసి సంక్రాంతి వెళ్ళేదాకా రెండో విడత నడుస్తుంది. ఏటా ఇదే వరస. ఏటా దాదాపు అవే ముఖాలు.

ఆ పిల్లలను ఇంటికి పంపే రోజున తల్లిదండ్రులు అడిగే ప్రశ్న కూడా ఒకటే. "సిస్టరుగారూ, ఇంట్లో పెట్టుకోవడానికి గ్యాస్ మెషిన్ ఏది కొనమంటారు?" గ్యాస్ మెషిన్ అంటే నెబ్యులైజర్. అప్పు చేసి అయినా కొంటామంటారు. బిడ్డ మీద ప్రేమతోనే అడుగుతారు. అయినా నా జవాబు ఎప్పుడూ ఇదే: మెషిన్ కొనవద్దు. ఆ డబ్బుతో ముందు ఒక స్పేసర్ కొనండి. మిగిలిన దానితో డాక్టరుగారు రాసిన నివారణ పంపు సీజనంతా ఆపకుండా వాడండి. ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో ఈ నెల వివరంగా రాస్తున్నాను.

ఊపిరి గొట్టాలలో ఏం జరుగుతుంది?

ఉబ్బసం ఉన్న బిడ్డ ఊపిరితిత్తులలోని సన్నని గాలి గొట్టాల లోపలి పొర ఎప్పుడూ కొంచెం వాచి, ఎర్రబడి ఉంటుంది. బిడ్డ ఆడుకుంటున్నా, నవ్వుతున్నా ఆ వాపు లోపల ఉండవచ్చు. దాని మీదికి జలుబు వైరస్ గాని, పొగ గాని, దుమ్ము గాని, వానల తరువాత విరగబూసే వయ్యారిభామ మొక్క పుప్పొడి గాని తగిలితే గొట్టాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. లోపల కఫం పేరుకుంటుంది. దారి సన్నబడి గాలి ఈలలా మోగుతుంది. మనం పిల్లికూతలు అనేది దానినే.

అంటే ఇక్కడ రెండు కష్టాలు ఉన్నాయి. ఒకటి అప్పటికప్పుడు వచ్చే బిగింపు. రెండోది లోపల ఎప్పటినుండో ఉన్న వాపు. బిగింపును విప్పే మందు వేరు, వాపును తగ్గించే మందు వేరు. ఒకటి చేసే పని రెండోది చేయదు. ఈ ఒక్క సంగతి ప్రతి తల్లికీ తెలిస్తే మా వార్డులో సగం మంచాలు ఖాళీ అవుతాయని నా నమ్మకం.

సిరప్, పొడి మందు, నెబ్యులైజర్, పంపు: ఏది మేలు?

ముందుగా సిరప్. పంపు అంటే భయపడేవాళ్ళు సిరప్ అయితే సరే అంటారు. లెక్క చూడండి. సాల్బుటమాల్ పంపు ఒకసారి నొక్కితే వచ్చే మందు 100 మైక్రోగ్రాములు. అదే మందు సిరప్‌లో 5 మిల్లీలీటర్ల చెంచాకు 2 మిల్లీగ్రాములు, అంటే 2000 మైక్రోగ్రాములు. ఒక చెంచా సిరప్ 20 నొక్కులతో సమానం. ఇంత మందు కడుపులోకి, రక్తంలోకి వెళ్ళి, ఒళ్ళంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరేసరికి అరగంట దాటుతుంది. ఈలోగా చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, బిడ్డకు నిద్ర పట్టదు. పంపు మందు నేరుగా గొట్టాలలోకి పోయి 5 నిమిషాలలో పని మొదలుపెడుతుంది. "చిన్నపిల్లాడికి పంపు ఎందుకమ్మా, ఘాటు మందు" అనే నాయనమ్మలకు ఈ లెక్క చెప్పండి. ఘాటు పంపులో లేదు, సీసాలో ఉంది.

రెండోది పొడి మందు. క్యాప్సూల్‌ను ఒక చిన్న పరికరంలో పెట్టి తిప్పి, పొడిని పీల్చే పద్ధతి ఇది. పెద్ద పిల్లలకు మంచిదే. కాని బిడ్డ తన బలంతో గట్టిగా పీల్చగలగాలి. సుమారు 6 ఏళ్ళలోపు పిల్లలకు అది చేతకాదు. పెద్ద పిల్లలకైనా ఆయాసం ఎక్కువగా ఉన్నప్పుడు అంత బలంగా పీల్చడం కష్టం. వానాకాలంలో తేమకు పొడి ముద్దకడుతుంది. కాబట్టి క్యాప్సూళ్ళను రేకులోనుండి వాడేముందే తీయాలి. ఇంకొక మాట. ఆ క్యాప్సూల్‌ను మామూలు మాత్రలాగా నీళ్ళతో మింగించేవారు ఇప్పటికీ ఉన్నారు. అది పీల్చడానికే గాని మింగడానికి కాదు. మింగితే ఊపిరితిత్తులకు చేరవలసిన మందు చేరదు.

మూడోది నెబ్యులైజర్. దీనిని ఆవిరి అంటారు గాని ఇది ఆవిరి కాదు. మందు ద్రవాన్ని సన్నని తుంపరగా మార్చే యంత్రం ఇది. అందులో పోసిన మందులో ఎక్కువ భాగం గిన్నెలో మిగిలిపోతుంది, లేదా మాస్కు పక్కనుండి గాలిలో కలిసిపోతుంది. ఒకసారి పెట్టడానికి 8 నుండి 10 నిమిషాలు పడుతుంది. కరెంటు ఉండాలి. గిన్నె, మాస్కు ప్రతిసారీ కడిగి ఆరబెట్టకపోతే క్రిములు చేరతాయి. శబ్దానికి బిడ్డ ఏడిస్తే, ఆ ఏడుపులో మందు లోపలికి పోయేది చాలా తక్కువ.

నాలుగోది పంపుకు తగిలించే స్పేసర్. ఇది ఒక ప్లాస్టిక్ గొట్టం, అంతే. ఒక చివర పంపు, రెండో చివర మాస్కు గాని నోటి గొట్టం గాని ఉంటుంది. పంపును నేరుగా నోట్లో పెట్టి నొక్కితే మందు వేగంగా వచ్చి గొంతు వెనక గోడకు కొట్టుకుని అక్కడే ఆగిపోతుంది. నొక్కడం, పీల్చడం ఒకే క్షణంలో జరగాలి. పెద్దవాళ్ళకే అది సరిగా కుదరదు, పసివాళ్ళకు ఎలా కుదురుతుంది? స్పేసర్ ఉంటే మందు ఆ గొట్టంలో నిలుస్తుంది, బిడ్డ మామూలుగా ఊపిరి తీస్తూ దానిని పీల్చుకుంటుంది.

"మెషిన్‌కు ఉన్న పవర్ ఈ గొట్టానికి ఎక్కడిదండీ?" అని అడుగుతారు. వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి తూచి చూసే కాక్రేన్ అనే సంస్థ ఈ రెండింటినీ పోల్చింది. ప్రాణాపాయ స్థితి మినహాయిస్తే, స్పేసర్‌తో పంపు ఇచ్చిన పిల్లలు నెబ్యులైజర్ పెట్టిన పిల్లలకు ఏమాత్రం తీసిపోలేదు. పైగా అత్యవసర విభాగంలో వారు గడిపిన సమయం తక్కువ, గుండెదడ తక్కువ. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు తుంపర ద్వారా వ్యాధి పాకుతుందన్న భయంతో ఎన్నో ఆసుపత్రులు నెబ్యులైజర్లు పక్కనపెట్టి పంపు, స్పేసర్‌లకు మారాయి. మరి ఆసుపత్రిలో మెషిన్ ఎందుకు ఉంచుతారంటారా? ఆయాసం తీవ్రంగా ఉండి ఆక్సిజన్ కూడా అవసరమైన బిడ్డకు రెండూ కలిపి ఇవ్వడానికి అది పనికొస్తుంది. అలాంటి బిడ్డ ఉండవలసినది ఆసుపత్రిలో, ఇంట్లో కాదు. ఇంట్లో మెషిన్ ఉందన్న ధైర్యంతో రాత్రంతా పెట్టి పెట్టి, తెల్లవారాక పెదవులు నీలంగా మారిన బిడ్డను ఎత్తుకొచ్చినవారిని మేము చూశాము. మెషిన్ మీద నాకున్న పెద్ద అభ్యంతరం అదే. అది ఆలస్యం చేయిస్తుంది.

స్పేసర్ కూడా కొనలేనివారి కోసం ఒక మాట. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో హెదర్ జార్ అనే పిల్లల వైద్యురాలు, ఆమె తోటివారు అర లీటరు ప్లాస్టిక్ సీసా అడుగున పంపు మూతికి సరిపడా రంధ్రం చేసి, దానినే స్పేసర్‌గా వాడి చూశారు. ఆయాసంతో వచ్చిన పిల్లలకు అది కొన్న స్పేసర్‌తో సమానంగా పనిచేసిందని 1999లో ప్రచురించారు. థర్మోకోల్ కప్పులాంటివి అంత బాగా పనిచేయవు. రంధ్రం పంపు మూతికి బిగుతుగా అమరాలి కాబట్టి ఇంట్లో సొంతంగా ప్రయోగాలు చేయకుండా, సీసా తీసుకుని మా దగ్గరకు రండి, చేయించి చూపిస్తాము.

ఇక వేడినీళ్ళ ఆవిరి. ఉత్త ఆవిరి బిగుసుకున్న గొట్టాలను విప్పదు. గిన్నె ఒలికి ఒళ్ళు కాలిన పిల్లలను మాత్రం ఏటా తెస్తారు. దయచేసి వద్దు.

ఆయాసం పంపు ఒక్కటే ఉంటే చాలదు

ఏ పరికరం మేలో తెలిసింది. అసలు సంగతి ఏ మందు అన్నది. చాలా ఇళ్ళలో ఒకే పంపు ఉంటుంది. ఆయాసం వచ్చినప్పుడు నొక్కే సాల్బుటమాల్ పంపు. దాని పని 4 నుండి 6 గంటలు. ఆ తరువాత బిగింపు తిరిగి వస్తుంది, ఎందుకంటే లోపలి వాపు అలాగే ఉంది. వాపును తగ్గించేది బుడెసొనైడ్, బెక్లోమెథసోన్, ఫ్లూటికసోన్ వంటి నివారణ మందు. దానిని పీల్చిన వెంటనే ఏమీ తెలియదు. దాని పని బయటపడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. అందుకే తల్లిదండ్రులకు దాని మీద గురి కుదరదు. "ఆ పంపు వాడినా ఒకటే, వాడకపోయినా ఒకటే సిస్టర్" అని నాలుగు రోజులకే ఆపేస్తారు.

దీని వెనుక ఒక చరిత్ర ఉంది. పంపు పుట్టిందే ఒక పాప ప్రశ్నలోనుండి. అమెరికాలో ఒక మందుల కంపెనీ అధిపతి కూతురు, ఉబ్బసం ఉన్న పదమూడేళ్ళ పాప, 1955లో తన తండ్రిని అడిగిందట: జుట్టుకు కొట్టుకునే స్ప్రే డబ్బాలాగా నా మందు కూడా ఎందుకు రాకూడదు అని. మరుసటి ఏడాది, 1956లో, పంపు మార్కెట్‌లోకి వచ్చింది. ఎందరికో మేలు జరిగింది. కాని 1960లలో ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఉబ్బసం మరణాలు ఒక్కసారిగా పెరిగాయి. ముఖ్యంగా 10 నుండి 14 ఏళ్ళ పిల్లలలో. అప్పటి ఎక్కువ మోతాదు ఐసోప్రినలిన్ పంపులను పదేపదే నొక్కుతూ, తగ్గిందనుకుంటూ, ఆసుపత్రికి ఆలస్యంగా రావడం కూడా అందుకు ఒక కారణమని తరువాత గుర్తించారు. గుండెకు అంతకన్నా తక్కువ ఇబ్బంది కలిగించే సాల్బుటమాల్ 1969లో వచ్చింది. పీల్చే నివారణ స్టెరాయిడ్ 1972లో వచ్చింది. ఆ రెండో మందు వచ్చాకే పిల్లలు నిజంగా కోలుకోవడం మొదలైంది.

అరవై ఏళ్ళ కిందటి ఆ పాఠం మనకింకా ఒంటబట్టలేదు. ప్రపంచంలో ఉబ్బసం ఉన్నవారిలో నూటికి 13 మంది మన దేశంలో ఉన్నారని 2019 నాటి అంచనా. కాని ఉబ్బసంతో చనిపోయేవారిలో నూటికి 40 మందికి పైగా మనవాళ్ళే. మన దేశంలో 9 నగరాలలో జరిపిన ఒక పెద్ద సర్వేలో, పిల్లికూతలు ఉన్నవారిలో నూటికి 82 మందికి అది ఉబ్బసం అని ఎవరూ చెప్పనేలేదని తేలింది. రోజూ నివారణ మందు పీలుస్తున్నవారు నూటికి అయిదుగురు కూడా లేరు. మనకు మందులు లేక కాదు. సాల్బుటమాల్, బుడెసొనైడ్ పంపులు రెండూ ప్రభుత్వం వారి అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. వాడక పోగొట్టుకుంటున్నాము.

2019లో జినా అనే అంతర్జాతీయ ఉబ్బస సంస్థ ఒక పెద్ద మార్పు చేసింది. పన్నెండేళ్ళు దాటినవారికి సాల్బుటమాల్ పంపు ఒక్కదానినే ఇవ్వవద్దని, ఎంత తక్కువ ఉబ్బసమైనా వాపు తగ్గించే మందు కూడా కలిసి ఉండాలని చెప్పింది. ఫార్మోటెరాల్, బుడెసొనైడ్ కలిసిన ఒకే పంపును రోజూ, ఆయాసానికీ వాడే పద్ధతి పెద్ద పిల్లలకు ఇప్పుడు డాక్టర్లు రాస్తున్నారు. మీ పిల్లలకు అది తగునో లేదో డాక్టరుగారిని అడగండి. కాని ఫార్మోటెరాల్ లేని మామూలు నివారణ పంపును ఆయాసం వచ్చినప్పుడు నొక్కితే ఉపయోగం లేదు.

పంపుల రంగు చూసి గుర్తుపెట్టుకోవద్దు. మామూలుగా ఉపశమన పంపు నీలం రంగులో ఉంటుందంటారు గాని, మన దగ్గర కంపెనీని బట్టి రంగులు మారుతుంటాయి. మందుల షాపువారు వేరే కంపెనీది ఇస్తే తికమక అవుతుంది. ఇంటికి తేగానే ఒక దాని మీద "రోజూ" అని, రెండో దాని మీద "ఆయాసానికి" అని పెద్ద అక్షరాలతో రాసి అంటించండి.

సీజను కంటే ముందు రండి

నివారణ మందుకు ఒకటి రెండు వారాలు పడుతుందంటే, జూన్ చివరలో ఆయాసంతో వచ్చినప్పుడు మొదలుపెడితే ఆలస్యమైనట్టే. ఏటా వానలకు బాధపడే బిడ్డను మే నెల మధ్యలో, చలికి బాధపడే బిడ్డను దసరా సమయంలో ఒకసారి చూపించండి. పిల్లలందరికీ ఒకే పద్ధతి ఉండదు. సీజనులో తప్ప మిగతా నెలల్లో రాత్రి దగ్గు కూడా లేని బిడ్డకు సీజనుకు మాత్రమే నివారణ మందు ఇచ్చి, సీజను వెళ్ళాక మరో నాలుగు వారాల దాకా కొనసాగించవచ్చు. మధ్య నెలల్లో కూడా ఆడితే ఆయాసపడే బిడ్డకు, రాత్రి దగ్గుతో లేచే బిడ్డకు ఏడాది పొడుగునా అవసరం. అయిదేళ్ళలోపు పిల్లలకు జలుబు చేసినప్పుడల్లా వచ్చే పిల్లికూతలన్నీ ఉబ్బసం కావు, వారిలో చాలామందికి పెద్దయ్యేకొద్దీ పోతాయి. ఏ బిడ్డ ఏ కోవకు చెందుతుందో డాక్టరుగారు చెప్పాలి. మీరు చేయవలసింది, బాగున్నాడు కదా అని మీ అంతట మీరు ఆపకుండా ఉండటం. సుమారు మూడు నెలలు బాగా ఉంటే డాక్టరుగారే మోతాదు తగ్గిస్తారు.

మీ భయాలకు నా జవాబులు

"పంపు అలవాటైతే ఇక మానలేము." కళ్ళజోడు పెట్టుకుంటే చూపు దానికి అలవాటు పడిందంటామా? అవసరం ఉన్నంతకాలం వాడతాము. పంపు మత్తుమందు కాదు. మానేసినప్పుడు ఆయాసం తిరిగి వస్తే, వాపు ఇంకా తగ్గలేదని అర్థం.

"స్టెరాయిడ్ కదా, బిడ్డ ఎదగడేమో." ఈ భయం ఉత్తదే అనను. రోజూ పీల్చే స్టెరాయిడ్ ఏళ్ళ తరబడి వాడిన పిల్లలను పెద్దయ్యేదాకా గమనించారు. వాడనివారికన్నా ఎత్తులో సుమారు 1 సెంటీమీటరు తేడా కనిపించింది. ఆ తేడా మొదటి ఒకటి రెండేళ్ళలోనే వస్తుంది, ఏటేటా పెరగదు. దీనికి ఎదురుగా పెట్టి చూడవలసినవి వేరే ఉన్నాయి: రాత్రుళ్ళు నిద్రలేని బిడ్డ, బడికి పోని రోజులు, ఆయాసం ఎక్కువైన ప్రతిసారీ వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, మాత్రలు. ఒంట్లోకి ఎక్కువ స్టెరాయిడ్ పోయేది వాటివల్లే. పక్కవీధిలో ఇంజెక్షన్‌తో ఇట్టే తగ్గిపోతుందని నెలకు రెండుసార్లు పొడిపించుకునేవారు, అందులో ఏముందో ఒకసారి అడిగి తెలుసుకోండి.

"మాత్రతో సరిపెట్టలేమా?" మాంటెలుకాస్ట్ అనే మాత్ర కొందరికి ఉపయోగపడుతుంది, కాని వాపు తగ్గించడంలో పీల్చే మందుకు సాటి రాదు. కొందరు పిల్లలలో పీడకలలు, చిరాకు, దిగులు కలిగించవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2020లో గట్టి హెచ్చరిక చేసింది. మీ బిడ్డ ప్రవర్తన మారితే డాక్టరుగారికి వెంటనే చెప్పండి.

"ఆడపిల్ల, పంపు వాడుతుందని తెలిస్తే సంబంధాలు రావు." ఈ మాట వింటే నాకు బాధ కలుగుతుంది. దాచిపెట్టిన పంపు బడి సంచిలో ఉండదు, అవసరమైన వేళ చేతికి అందదు. ముందు బిడ్డ బ్రతకాలి, తరువాత కదా పెళ్ళి. సంఘంలో పెద్దలు, పాస్టరమ్మగార్లు ఈ విషయం స్త్రీల కూడికలలో ధైర్యంగా మాట్లాడాలని నా మనవి.

"చేప మందు వేయిస్తాము." మృగశిర కార్తెకు హైదరాబాదులో ఇచ్చే చేప మందుకు మన జిల్లాల నుండి ఏటా వెళ్ళేవారున్నారు. నమ్మకాన్ని నేను ఎగతాళి చేయను. అయితే అది ఉబ్బసాన్ని నయం చేస్తుందని వైద్య పరీక్షలలో రుజువు కాలేదు. నా ఆందోళన వేరే. మృగశిర అంటే సరిగ్గా వానలు మొదలయ్యే రోజులు. చేప మందు వేశాము కదా అని అదే వారంలో నివారణ పంపు ఆపేస్తే, కాపలావాడిని పంపించేసి తలుపు తీసి ఉంచినట్టే.

"ప్రార్థన చేస్తున్నాము సిస్టర్." తప్పక చేయండి, మేమూ వార్డులో చేస్తాము. ప్రార్థన చేసి పంపు పీల్చడం విశ్వాసం తక్కువ కావడం కాదు. పౌలుతో కలిసి తిరిగిన లూకా వైద్యుడే కదా.

స్పేసర్‌తో పంపు ఇచ్చే పద్ధతి

1. బిడ్డను నిటారుగా కూర్చోబెట్టండి. ఏడుస్తుంటే ముందు ఊరుకోబెట్టండి.

2. పంపు మూత తీసి బాగా ఊపండి. కొత్తదైనా, చాలా రోజులుగా వాడనిదైనా ముందు గాలిలోకి కొన్నిసార్లు నొక్కండి.

3. పంపును స్పేసర్‌కు తగిలించండి. సుమారు నాలుగేళ్ళ దాకా మాస్కు వాడాలి, ముక్కూ నోరూ కప్పి సందు లేకుండా ఆనించాలి. ఆ పైన పిల్లలకు నోటి గొట్టాన్ని పెదవులతో గట్టిగా పట్టుకోవడం నేర్పండి.

4. ఒక్కసారి నొక్కండి. బిడ్డ మెల్లగా 5 లేక 6 ఊపిరులు తీసేదాకా అలాగే ఉంచండి.

5. రెండో నొక్కు కావాలంటే అర నిమిషం ఆగి, మళ్ళీ ఊపి నొక్కండి. రెండు నొక్కులు ఒకేసారి వేయవద్దు.

6. నివారణ పంపు తరువాత నోరు పుక్కిలించి ఉమ్మించాలి. మాస్కు వాడితే ముఖం కూడా కడగాలి. లేకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది.

7. స్పేసర్‌ను వారానికోసారి సబ్బు నీటిలో ముంచి తీసి, గుడ్డతో తుడవకుండా నీడలో ఆరబెట్టండి. తుడిస్తే ప్లాస్టిక్‌కు మందు అంటుకుపోతుంది.

పంపు ఎప్పుడు అయిపోతుందో లెక్క రాసుకోండి. 200 నొక్కుల పంపు రోజూ ఉదయం రెండు, సాయంత్రం రెండు చొప్పున 50 రోజులు వస్తుంది. ఆ తరువాత కూడా గాలి వస్తూనే ఉంటుంది, అందులో మందు ఉండదు. నీళ్ళలో వేసి తేలుతుందో లేదో చూడటం నమ్మదగిన పద్ధతి కాదు.

ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి?

ఆయాసం మొదలైతే మామూలుగా ఉపశమన పంపు 2 నుండి 4 నొక్కులు, ఒక్కొక్కటిగా స్పేసర్‌తో ఇమ్మని రాస్తారు. తగ్గకపోతే 20 నిమిషాలకు మళ్ళీ ఇవ్వాలి. మీ బిడ్డకు ఎన్ని అన్నది డాక్టరుగారు రాసిచ్చిన కాగితంలో ఉంటుంది, దానిని గోడకు అంటించండి. గంటలో మూడుసార్లు ఇచ్చినా తగ్గకపోయినా, తగ్గినట్టే తగ్గి మూడు గంటలలోపే మళ్ళీ అవసరమైనా ఆసుపత్రికి తీసుకురండి.

ఈ కింది గుర్తులు కనిపిస్తే మాత్రం 20 నిమిషాలు కూడా ఆగవద్దు. డొక్కలు ఎగరేయడం, మాట పూర్తిచేయలేకపోవడం, పాలు తాగలేకపోవడం, పెదవులు నీలంగా మారడం, మగతగా పడి ఉండటం. పిల్లికూతలు వినిపించడం ఆగిపోయి బిడ్డ నీరసిస్తుంటే తగ్గిందనుకోకండి. గాలి ఆడటం లేదని అర్థం. 108కి ఫోన్ చేయండి. దారిలో కూడా స్పేసర్‌తో పంపు ఇస్తూనే ఉండండి.

చివరిగా ఒక మనవి

ఇంట్లో చుట్ట, బీడీ, సిగరెట్టు తాగే తండ్రులు, తాతలు గడప అవతలికి పోయి తాగడం కాదు, మానడమే బిడ్డకు మీరిచ్చే మొదటి మందు. దోమల చక్రాలు, సాంబ్రాణి పొగ బిడ్డ పడుకునే గదిలో వద్దు. ఆదివారపు బడి టీచర్లు తమ తరగతిలో ఏ బిడ్డ సంచిలో పంపు ఉందో తెలుసుకోవాలి. డిసెంబరు మంచులో రాత్రంతా కేరల్స్‌కు తిరిగే పిల్లలలో ఉబ్బసం ఉన్నవారి పంపు ఎవరో ఒక పెద్దవారి చేతిలో ఉండాలి. క్రిస్మస్‌కు పేద పిల్లలకు బట్టలు పంచే సంఘాలు, ఆ పిల్లలలో ఉబ్బసం ఉన్నవారికి ఒక్కొక్క స్పేసర్ కూడా ఇస్తే ఆ బహుమానం ఎన్నో సీజన్లు పనిచేస్తుంది.

వానలు పడకముందే మీ పిల్లవాడిని, మీ పాపను వెంటబెట్టుకుని, ఇంట్లో ఉన్న పంపులన్నీ ఒక సంచిలో వేసుకుని ఒ.పి.కి రండి. డాక్టరుగారి గదిలోకి వెళ్ళేముందు నర్సుల బల్ల దగ్గర ఆగి, పంపు ఎలా పీలుస్తున్నారో మా ఎదుట ఒకసారి చేయించండి. అయిదు నిమిషాల పని. దానికి చీటీ అక్కరలేదు, ఫీజు అక్కరలేదు.

ప్రభువు మీ పిల్లలకు నిండు ఊపిరిని, నెమ్మదిగల నిద్రను అనుగ్రహించును గాక.

నర్సింగ్ సూపరింటెండెంట్